నాన్న బొమ్మల దగ్గర, నేను షాపు క్యూలో

మాంగా అంటే జపాన్ బొమ్మల కథలు. వాటి ఒరిజినల్ బొమ్మల ఎగ్జిబిషన్ జపాన్‌లో ఏ ఊళ్లో మొదలైనా, మా హైదరాబాద్ అభిమానుల గ్రూపుకి ముందు అందేవి అక్కడి షాపు సరుకుల ఫోటోలే. గోడల మీద ఏ పేజీలు పెట్టారో ఆ తర్వాత మెల్లగా తెలుస్తుంది. లోపల చాలా గదుల్లో ఫోటోలు తీయనివ్వరు కాబట్టి, చూసొచ్చినవాళ్లు మాటల్లో చెప్పాల్సిందే. కొన్నవి మాత్రం ఆ రాత్రే మంచం మీద పరిచి ఫోటో పెడతారు. రేకు బ్యాడ్జీలు, అక్రిలిక్ స్టాండ్లు, క్లియర్ ఫైళ్లు, పోస్ట్‌కార్డులు, అన్నిటికీ అడుగున లావుపాటి కేటలాగ్, అంటే ప్రదర్శనలోని బొమ్మల పుస్తకం. ఆ ఫోటో పడగానే గ్రూపులో కదలిక. "ఎవరైనా అటు వెళ్తున్నారా? అటు నుంచి ఎవరైనా వస్తున్నారా?" కూకట్‌పల్లి పళ్ల డాక్టరమ్మ, దిల్‌సుఖ్‌నగర్ బీటెక్ కుర్రాడు, పిల్లల్ని స్కూలుకి పంపేశాక మాంగా పట్టుకుని కూర్చునే సైనిక్‌పురి వదిన, అందరూ ఒకేసారి టైప్ చేస్తుంటారు. అలా తయారవుతుంది, తెప్పించుకోవాల్సిన వాటి లిస్టు.

ఆ లిస్టులో మొట్టమొదట కేటలాగే ఉండాలని నేను గ్రూపులో ఎప్పటినుంచో అంటున్నాను. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తాను.

ఈ ఎగ్జిబిషన్లు ఒక్క ఊళ్లో ఆగవు. మాంగా చిత్రకారుడు ఇనోవె తకెహికో బొమ్మల ప్రదర్శన 2008లో టోక్యో ఉయెనోలో మొదలై, 2009లో కుమమోటో, 2010లో ఒసాకా, సెండై తిరిగింది. అరాకి హిరొహికో గీసిన జోజో అనే మాంగా బొమ్మలు 2018లో టోక్యో నేషనల్ ఆర్ట్ సెంటర్‌లో పెట్టారు, అక్కడి నుంచి ఒసాకా, 2020లో నాగసాకి. అటాక్ ఆన్ టైటాన్ అనే మాంగా ప్రదర్శన 2022లో సింగపూర్ ఆర్ట్‌సైన్స్ మ్యూజియం దాకా వచ్చింది. మనకి అంత దగ్గరగా రావడమే గొప్ప అనుకున్నాం. షంషాబాద్ నుంచి ఒక్క ఫ్లైట్. ఊరు మారినప్పుడల్లా షాపులో ఆ ఊరికి మాత్రమే అని కొన్ని సరుకులు చేరతాయి. వాటికోసం ఒకే ప్రదర్శనని ఊరూరా వెంటాడే అభిమానులు జపాన్‌లో బోలెడంతమంది. అలా తిరగడానికి మనకి డబ్బూ సెలవులూ ఎక్కడివి? అందుకే ఎవరి చుట్టాలు ఏ ఊళ్లో ఉన్నారో మా గ్రూపులో అందరికీ కంఠతా వచ్చు.

మా అక్కావాళ్లు టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటారు. ఆ ప్రాంతమంతా మనవాళ్లే. కిందికి దిగితే పప్పులు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ దొరికే కొట్లు. 2024 వేసవిలో మనవరాలిని చూడటానికి నాన్న బయల్దేరితే తోడుగా నేనూ వెళ్లాను. అదే సమయానికి నేషనల్ ఆర్ట్ సెంటర్‌లో క్లాంప్ ప్రదర్శన. జులై 3 నుంచి సెప్టెంబర్ 23 వరకు. ఇంత అదృష్టం మళ్లీ వస్తుందా! చూడటానికి వెళ్లే తేదీ నేనే కుదిర్చాను. టికెట్లు బుక్ చేసింది అక్క, ఆ సంగతి చెప్పకపోతే ఊరుకోదు.

క్లాంప్ అంటే నలుగురు ఆడవాళ్లు. ఓకవా అగెహ కథ రాస్తారు, మొకొన, నెకొయి త్సుబకి, ఇగరాషి సత్సుకి బొమ్మల పని చూస్తారు. కాలేజీ వయసులో ఇంకా పెద్ద గుంపుగా సొంతంగా పుస్తకాలు అచ్చేసుకుంటూ మొదలై, చివరికి నలుగురు మిగిలారు. 1989లో వాళ్ల మొదటి సీరియల్. ఇప్పటికీ అదే పేరుతో కలిసే పని చేస్తున్నారు. 2004లో జపాన్ కార్టూన్లు వేసే అనిమాక్స్ ఛానల్ మన దేశానికి వచ్చినప్పుడు మా నల్లకుంట ఇంట్లో నేను వాళ్ల కథతో తీసిన కార్డ్‌క్యాప్టర్ సకురా కోసం ట్యూషన్ ఎగ్గొట్టేదాన్ని. కార్డులు పట్టుకునే ఆ చిన్నపిల్ల వెనకాల నలుగురు ఆడవాళ్లు ఉన్నారని తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. తెలిశాక ఇష్టం రెట్టింపైంది.

నాన్నకి మాంగా గురించి ఏమీ తెలియదు. కానీ ఆయన ఇరవై ఏళ్లకు పైగా ప్రెస్సులో పేస్టప్ ఆర్టిస్టు. కంప్యూటర్ రాకముందు వారపత్రిక పేజీ ఎలా తయారయ్యేదో ఈ తరానికి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. అక్షరాలు ఫోటో టైప్‌సెట్టింగ్‌లో బ్రోమైడ్ అనే ఫోటో కాగితం మీద వచ్చేవి. వాటిని బ్లేడుతో కోసి, వెనక రబ్బర్ సొల్యూషన్ రాసి, లేఔట్ షీటు మీద కాలమ్ ప్రకారం అతికించేవాళ్లు. బొమ్మకి చోటు వదిలేవాళ్లు. గీతలు రోట్రింగ్ పెన్నుతో. పెద్ద హెడ్డింగులు ఆర్టిస్టు చేత్తో రాసేవాడు. సూచనలు లేత నీలం పెన్సిల్‌తో రాసేవాళ్లు, ఎందుకంటే కెమెరాతో నెగటివ్ తీసేటప్పుడు ఆ నీలం ఫిల్ముకి అందదు. ఒక్క అక్షరం తప్పు పడితే ఇంకో బ్రోమైడ్‌లోంచి ఆ అక్షరం కోసి పైన అతికించాలి. గుణింతం గుర్తుతో సహా. నాన్న పట్టకారుతో ఒత్తు అతికించడం నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను.

నిషికసాయ్‌లో తోజాయ్ లైన్ ఎక్కి, ఓతెమాచిలో చియొదా లైన్‌కి మారితే నొగిజాకా. స్టేషన్ నుంచే మ్యూజియంలోకి దారి ఉంది. కురొకవా కిషో కట్టిన అద్దాల భవనం, 2007లో తెరిచారు. దానికి సొంత కలెక్షన్ లేదు, ఎప్పుడూ బయటి ప్రదర్శనలే. క్లాంప్ వాళ్ల రంగు బొమ్మలు చూస్తూ మొదట్లో నాన్న మర్యాదకి తలూపారంతే. లైటు మసగ్గా ఉందని ఒకసారి అన్నారు. కాగితం మీది రంగులు వెలుగుకి తట్టుకోలేవు కదా. ఇలాంటి వాటికి మ్యూజియంలు వెలుగుని 50 లక్స్ (వెలుగు కొలత) దగ్గర ఆపేస్తాయి. అందుకే చాలా ప్రదర్శనల్లో సగం రోజులయ్యాక బొమ్మలు మారుస్తారు. ముందు సగం చూసినవాళ్లు రెండో సగం కోసం మళ్లీ టికెట్ కొంటారు. నాన్నకి ఇది చెప్తే, "మంచి పనే, బొమ్మకి విశ్రాంతి కావాలి" అన్నారు.

నలుపు తెలుపు పేజీల దగ్గరికి వచ్చాక ఆయన నడక ఆగిపోయింది.

అవి వాళ్ల మొదటి సీరియల్ పేజీలు. పేరు ఆర్‌జీ వేద, మన ఋగ్వేదం పేరే. 1989 నుంచి 1996 దాకా నడిచింది. అందులో పాత్రలన్నీ మనకి తెలిసినవాళ్లే. అసురుడు, యక్షుడు, గంధర్వుడు, గరుడుడు, నాగరాజు, బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరిన దేవగణాలు. నారాలో కోఫుకుజీ ఆలయంలో 734 నాటి అశుర విగ్రహం ఉంది, మూడు ముఖాలు, ఆరు చేతులు, ముఖంలో మాత్రం చిన్నపిల్లాడి బెంగ. జపాన్‌లో అందరికీ తెలిసిన విగ్రహం అది. క్లాంప్ కథలో గంధర్వరాజు ఒక స్త్రీ, వీణలాంటి వాద్యం వాయిస్తుంది. గరుడరాజు కూడా స్త్రీయే. స్వర్గాన్ని పడగొట్టి సింహాసనం ఎక్కిన దుర్మార్గుడు ఇంద్రుడు.

"ఇంద్రుడు విలనా?" అన్నారు నాన్న.

"అవును నాన్నా."

"మన పురాణాల్లో మాత్రం ఏం తక్కువ చేశాడు" అని, కళ్లజోడు పైకి తోసి గాజుకి దగ్గరగా వంగారు. అక్కడున్న అమ్మాయి మర్యాదగా వెనక్కి జరగమని సైగ చేసింది. జరిగారు. మళ్లీ వంగారు.

"అమ్మాయ్, ఇది బ్రోమైడ్ పేస్టింగే."

మాటల బుడగల్లో జపనీస్ అక్షరాలు చిన్న చిన్న కాగితం ముక్కల మీద ఉన్నాయి. ముక్కల అంచులు కనిపిస్తున్నాయి. జిగురు పాతబడి ఒకచోట పసుపు మరక. పేజీ అంచుల్లో లేత నీలం పెన్సిల్ రాతలు. నాన్న చేత్తో ఏం చేసేవారో అదే, ఇంకో దేశంలో, దాదాపు అవే ఏళ్లలో. పుస్తకంలో ఇవేవీ కనపడవు. అచ్చులో అన్నీ ఒకే నలుపు. మాంగా ఒరిజినల్ పేజీ మామూలుగా బీ4 కాగితం మీద గీస్తారు. అంటే చిన్న సైజు పుస్తకంలో మనం చదివే పేజీకి దాదాపు రెట్టింపు వెడల్పు. ఆ సైజులో చూస్తే గీత బతికుంటుంది. ఎక్కడ కలం ఒత్తి లాగారో, ఎక్కడ ఇంకు తక్కువైందో, ఎక్కడ తప్పుని తెల్ల రంగుతో కప్పి పైన మళ్లీ గీశారో అన్నీ తెలుస్తాయి. జుట్టు మీది మెరుపులు కొన్ని ఖాళీగా వదిలినవి, కొన్ని తెల్ల రంగుతో దిద్దినవి. ఆ తేడా అచ్చులో రాదు.

ఇక స్క్రీన్ టోన్. బూడిద రంగు కనిపించే చోటల్లా నిజానికి సన్నటి చుక్కల ఫిల్ము. దాన్ని పేజీ మీద అతికించి, ఆకారం ప్రకారం బ్లేడుతో కోసి, మిగిలింది ఊడదీస్తారు. మబ్బులా పలచబడాలంటే బ్లేడు మొనతో ఆ చుక్కల్ని గీకుతారు. నాన్న ఆ గీకుడు గుర్తుపట్టారు. మన దగ్గర కూడా లెట్రాసెట్ షీట్లతో ఆ పని చేసేవాళ్లట. "బ్లేడు కొంచెం లోతుగా దిగితే కింద కాగితం చిరుగుతుంది. ఇక్కడ చూడు, ఎక్కడా చిరగలేదు. ఎంత చెయ్యి తిరిగుండాలి!" ఆయన గొంతు మారింది. పక్కనున్న ఒకావిడ మా భాష అర్థం కాకపోయినా మావైపు చూసి నవ్వింది. నాన్న ఆ ఒక్క వరుస దగ్గరే చాలాసేపు ఉండిపోతానన్నారు. సరేనని నేను షాపు వైపు నడిచాను, లిస్టు నా దగ్గర ఉందిగా.

షాపు క్యూ ప్రదర్శన క్యూ కంటే పెద్దది. ఒక్కో సరుకు మనిషికి ఇన్నే అని పరిమితి. చెల్లింపు దగ్గరికి చేరేలోపు కొన్నిటి మీద అయిపోయిందని కాగితం అంటిస్తారు. బ్యాడ్జీలు ఎక్కువగా మూసిన కవర్లలో అమ్ముతారు, లోపల ఏ పాత్ర ఉందో తెలియదు. ఒక్కోటి 500 యెన్‌ల ప్రాంతం. అప్పటి లెక్కలో మన 275 రూపాయలు. కావలసిన పాత్ర వచ్చేదాకా కొనాలంటే ఎవరి వల్ల అవుతుంది? దానికి అక్కడి అభిమానులు కనిపెట్టిన మార్గం నాకు చాలా నచ్చింది. బయటికొచ్చి కవర్లు విప్పి, ఫోన్ తెర మీద "నా దగ్గర ఇది ఉంది, నాకు ఇది కావాలి" అని పెద్ద అక్షరాలతో చూపిస్తూ నిలబడతారు. బేరం లేదు, డబ్బు లేదు, బ్యాడ్జీకి బ్యాడ్జీ. గీత పడలేదని రెండువైపులా తిప్పి చూపించి, వంగి దండం పెట్టి ఇచ్చిపుచ్చుకుంటారు. మా బీటెక్ కుర్రాడికి కావలసిన పాత్ర నాకు అలాగే దొరికింది, స్కూల్ యూనిఫాంలో ఉన్న ఒక పాప దగ్గర. నాకు జపనీస్ రాదు, తనకి ఇంగ్లిష్ రాదు. రెండు ఫోన్లు ఎదురెదురుగా పెడితే చాలింది.

కేటలాగ్‌లు మాత్రం మూసిన కవర్లో ఉండవు, లాటరీ కాదు, పరిమితి దాటి అడిగేవాళ్లూ తక్కువ. ఇలాంటి ప్రదర్శనల కేటలాగ్‌లు మామూలుగా 3,000 యెన్ చుట్టుపక్కల ఉంటాయి, అంటే అప్పట్లో పదహారు వందల యాభై రూపాయలు. అంటే ఆరు బ్యాడ్జీల ఖరీదు. అందులో ఏముంటుంది? అచ్చు పుస్తకంలో మాయమైనవన్నీ. కాగితం పసుపు, నీలం పెన్సిల్, తెల్ల రంగు దిద్దులు, టోన్ అంచులు, అన్నీ రంగుల్లో స్కాన్ చేసి వేస్తారు. ప్రదర్శనకి వెళ్లలేని మనిషికి ఆ గోడలు ఇంటికి వచ్చే దారి అదొక్కటే. బ్యాడ్జీ ముద్దుగా ఉంటుంది, నా బ్యాగుకీ ఉన్నాయి. కానీ కంపెనీవాళ్లు ఫైల్లోంచి తీసి ముద్రించిన బొమ్మ అది. అందులో మొకొన చెయ్యి కనపడదు.

బరువు నిజమే. సూట్‌కేసులో బట్టలు తీసేసి కేటలాగ్‌లు సర్దాం, అక్క మా చీరలు రెండు తన దగ్గరే ఉంచేసుకుంది. విదేశం నుంచి వచ్చే మనిషికి అప్పట్లో 50,000 రూపాయల దాకా సుంకం లేదు. నాన్నకీ నాకూ వేర్వేరుగా లెక్క. అన్నిటికీ బిల్లులు పెట్టుకుని షంషాబాద్‌లో దిగాం. ఎవరూ ఆపలేదు.

పంపకం మా ఇంట్లోనే జరిగింది. బ్యాడ్జీలు, స్టాండ్లు ఎవరివి వాళ్లు తీసుకెళ్లారు. కేటలాగ్ కొనలేనివాళ్ల కోసం గ్రూపు తరఫున ఒక ప్రతి తెప్పించాం. అది ఇప్పుడు ఇల్లిల్లూ తిరుగుతోంది. అట్టకి ఖాకీ కాగితం వేసి, లోపల ఎవరి దగ్గర ఎప్పుడు ఉందో రాసే చీటీ అంటించాం. సైనిక్‌పురి వదిన దగ్గర అందరికంటే ఎక్కువ రోజులు ఉంది. వాళ్ల పెద్దమ్మాయి గరుడరాజు పేజీని ట్రేసింగ్ పేపర్ పెట్టి మొత్తం గీసిందట. అదీ కేటలాగ్ చేసే పని.

నకిలీల గురించి కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఒక చోట "జపాన్ ఒరిజినల్" అని రాసి మా డాక్టరమ్మకి అంటగట్టిన స్టాండ్ మీద, పాత్ర కళ్ల రంగే తప్పు. కిందటి అంచులో హక్కుదారుల పేరు లేదు. అసలు వాటి మీద ఆ చిన్న అక్షరాల వరుస తప్పకుండా ఉంటుంది. ముందు అది వెతకండి. గీసినవాళ్లకి ఒక్క రూపాయైనా చేరని వస్తువు ఎంత చవకైనా మనకెందుకు?

ఇప్పుడు నేను అడగదల్చుకున్న అసలు మాట. హైదరాబాద్‌కి ఇలాంటి ప్రదర్శన ఎందుకు రాకూడదు? చూసేవాళ్లు లేరని మాత్రం అనకండి. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ అనే జపాన్ యానిమేషన్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లలో విడుదలైంది. నేను వెళ్లిన షోలో సీటు ఖాళీ లేదు, పక్క వరుసలో ఒక తాతగారు మనవడితో వచ్చారు. హైటెక్స్‌లో కామిక్ కాన్ అనే కామిక్స్ అభిమానుల సంబరం జరిగిన రోజు మెట్రోలో సగంమంది వేషాలతోనే కనిపిస్తారు.

ఒరిజినల్ పేజీలు అంతదూరం తేవడం కష్టమే. వెలుగు, తేమ, భీమా, అన్నీ భయాలే. దానికి క్యోటో సెయికా విశ్వవిద్యాలయం ఒక దారి చూపించింది. తకెమియా కెయికో అనే ప్రఖ్యాత మాంగా రచయిత్రి నాయకత్వంలో 2001 నుంచి వాళ్లు ఒరిజినల్ పేజీలకి అచ్చు అలాంటి ప్రతులు తయారు చేస్తున్నారు. స్కాన్ చేసి, అసలు పేజీ పక్కన పెట్టి, రంగులు మళ్లీ మళ్లీ సరిచూసి, నీలం పెన్సిల్ గీతతో సహా దింపుతారు. ఆ ప్రతులు విదేశాల్లో ప్రదర్శనలకి వెళ్తున్నాయి. అసలుది చీకట్లో భద్రంగా ఉంటుంది, ప్రతి తిరుగుతుంది. మాదాపూర్‌లో కావూరి హిల్స్ దగ్గర స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, గోడలున్నాయి, లైట్లున్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ వస్తువులు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. ఎవరో ఒకరు పూనుకోవాలి. గ్రూపు తరఫున ఒక ఉత్తరం రాస్తున్నాం, ముసాయిదా నా దగ్గరుంది.

పక్క గదిలో మన బొమ్మలు కూడా పెట్టాలని నాన్న కోరిక. వడ్డాది పాపయ్య చందమామ అట్టల మీద వేసిన రంగులు, బాపు గీత, ఇవి కూడా చేత్తో కాగితం మీద వేసినవే కదా. కానీ నాన్న పనిచేసిన ప్రెస్సులో ప్లేటు తయారయ్యాక బొమ్మ ఎక్కడికి పోయిందో అడిగేవాళ్లు లేరు. లేఔట్ షీట్లు కట్టలు కట్టి పాత పేపర్లవాడికి వేసేసేవాళ్లు. ఆయన చేసిన పేజీల్లో ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు. జపాన్‌లో అకిత ప్రాంతంలోని యొకొతె మసుద మాంగా మ్యూజియంలో 4 లక్షలకు పైగా ఒరిజినల్ పేజీలు భద్రపరిచారని నేను చదివి వినిపిస్తే, నాన్న ఆ అంకె మళ్లీ అడిగారు. మీ ఇళ్లలో, మీ తాతల ట్రంకు పెట్టెల్లో అలాంటి షీట్లు, ఒరిజినల్ బొమ్మలు ఉంటే దయచేసి అమ్మేయకండి. ప్లాస్టిక్ కవర్లో కాకుండా ఆమ్లం లేని (యాసిడ్ ఫ్రీ) తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. ఫోటో తీసి కామెంట్లో పెట్టినా సంతోషమే, నాన్నకి చూపిస్తాను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం విద్యానగర్‌లో మా బీటెక్ కుర్రాడి మేడ మీద కలుస్తున్నాం. నాన్న టోన్ కోయడం నేర్పిస్తారు. టోక్యోలో బొమ్మల సామాన్ల కొట్లో ఆయన తనే ఎంచుకుని కొన్న షీట్లు ఉన్నాయి. రావాలనుకున్నవాళ్లు పెన్ను కత్తికి 11వ నంబర్ బ్లేడ్లు, కింద పరుచుకోవడానికి మందపాటి అట్ట తెచ్చుకోండి. చిన్నపిల్లలుంటే పెద్దవాళ్లు ఒకరు పక్కన కూర్చోవాలి. కేటలాగ్ కూడా ఆ రోజుకి వదిన తెచ్చిస్తానంది.